మింగేసిన అచ్చు

మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ పదికి న్జి మోలూ సంకటి ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. పన్నెండూ పదకొండుకి ఆ ముద్ద నేల మీద ఉంది, పక్కనే న్జి మోలూ ఉన్నాడు. కిటికీలోంచి పేలిన పిస్టల్‌కి సైలెన్సర్ ఉండటంతో పక్కింటి మేక కూడా తలెత్తి చూడలేదు.

ఆ తర్వాత లోపలికొచ్చిన ఇద్దరు ఇల్లంతా గాలించారు. పరుపు కోశారు, గోడకి వేలాడుతున్న డోలు చర్మం చీల్చారు, పొయ్యిలో బూడిద కూడా కెలికారు. వాళ్లకి కావలసింది అరచేతి వెడల్పున్న నోటుబుక్కు. అది దొరకలేదు. ఫుంబాన్ ఊరు భోజనాలు ముగించి లేచేలోపు ఇద్దరూ మాయమయ్యారు.

బుధవారం ఉదయం రాజధాని యావుండేలో కల్నల్ ఎసోంబా ఏజెంట్ పెఫురాని తన గదికి పిలిపించాడు. ఇద్రిస్ పెఫురాకి నలభై రెండేళ్లు, డిపార్ట్‌మెంట్‌లో పదకొండేళ్ల సర్వీసు. పుట్టి పెరిగింది ఫుంబాన్‌లోనే. పెట్టుడు మీసం పెడితే మూతి దద్దుర్లెక్కుతుంది కాబట్టి వేషాల విషయంలో అతనికి కాస్త చిరాకు ఎక్కువ.

"న్జి మోలూ తెలుసుగా?" అన్నాడు కల్నల్.

"మన పాత కోడ్ క్లర్కు. రిటైరై ఏడేళ్లు. మా ఊరి పెద్దమనిషి."

"నిన్న చంపేశారు. కోబాల్ట్ ముఠా."

కోబాల్ట్ అనేది పరాయి దేశపు గూఢచారుల ముఠా. గూఢచారుల పేర్లు దొంగిలించి, ఎక్కువ ధర ఇచ్చినవాడికి అమ్మడం వాళ్ల వ్యాపారం. న్జి మోలూ నోటుబుక్కులో నలభై ఒక్క పేర్లున్నాయి. నలభై ఒక్కమంది మన ఏజెంట్లు, నలభై ఒక్క పరాయి చోట్ల, మారు పేర్లతో బతుకుతున్నవాళ్లు. ఆ పేర్లన్నీ ముసలాయన బాముమ్ రాజుల కాలంనాటి పాత లిపిలో రాసుకున్నాడు. అది బయటికి పొక్కితే వారం తిరక్కుండా నలభై ఒక్క శవాలు లేస్తాయి.

"పుస్తకం ఎక్కడుందో ఎవడికీ తెలీదు," అన్నాడు కల్నల్.

"మా పెద్దమ్మ దగ్గరుంటుంది సార్."

కల్నల్ కళ్లజోడు తీసి చూశాడు. పెఫురా విషయం చెప్పాడు. అమ్మ పోయాక అతన్ని పెంచింది పెద్దమ్మ మాపోన్. ముప్పై ఏళ్లు ఫుంబాన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఆ ముప్పై ఏళ్లూ న్జి మోలూ రహస్య కాల్స్ అన్నీ ఆమె చేతిమీదుగానే నడిచాయి, ఇద్దరూ రోజూ పోట్లాడుకున్నారు, ఒకరినొకరు తప్ప ఊళ్లో ఇంకెవర్నీ నమ్మలేదు. అయితే గడప తొక్కి అడిగితే ఆమె దేవుడికైనా ఏదీ ఇవ్వదు. మొహానికి మీసం అంటించొచ్చు గానీ గొంతుకి అంటించలేరు అంటుంది. ఏదైనా ఫోన్‌లోనే, ఆమెకి తెలిసిన గొంతుతోనే అడగాలి.

"అయితే ఇక్కణ్ణుంచే చెయ్యి ఫోను."

"ట్రంకు లైన్లన్నీ వాళ్లు వింటున్నారని మీరే అన్నారు కదా."

కల్నల్ ప్లాన్ మార్చాడు. పెఫురా ఫుంబాన్ వెళ్లాలి, కానీ పెద్దమ్మ ఇంటివైపు తొంగి చూడకూడదు. కంచు పనివాళ్ల వీధిలో లామరే అనే ఆవిడ దుకాణం ఉంది, ఆవిడ మన మనిషి. అక్కడి లోకల్ లైను మీద పెద్దమ్మకి ఫోన్ చేసి పుస్తకం దుకాణానికే తెప్పించుకోవాలి. కోడ్ వర్డ్ ఫుంబాన్ ఊరి భాష బాముమ్‌లో ఒక్క మాట. ప్లాన్ వివరాలతో సహా అది లామరేకి ఆ రోజే డువాలా ఆఫీసు ద్వారా టెలిగ్రాంలో వెళ్లింది.

గురువారం పదకొండు గంటలకి కాఫీ గింజలు కొనే బేరగాడి వేషంలో పెఫురా బస్సు దిగాడు. జేబులో బటన్ నొక్కితే సిగ్నల్ ఇచ్చే పెన్ను. బూటు మడమలో బ్లేడు. చంకలో రివాల్వర్. ఊరి బయట కాఫీ గోదాములో డిపార్ట్‌మెంట్ జీపు, ఇద్దరు మనుషులు.

కంచు వీధిలో ఎప్పటిలాగే మైనం కాగుతున్న వాసన, సుత్తుల మోత. లామరే దుకాణం ముందు ఒకామె నిలబడి ఉంది. ఎర్ర గౌను, జరీ తలగుడ్డ, నవ్వితే వీధి మొత్తం కాస్త పక్కకి ఒరిగినట్టు అనిపించే అందం. పెఫురా రెండు తలల కంచు పాము ధర అడిగాడు. ఆమె కోడ్ వర్డ్ చెప్పింది.

మాట సరైనదే. రాగం తప్పు. బాముమ్ మాటకి అక్షరాలెంతో గొంతు ఎత్తూ దిగుడూ అంతే. ఆ మాటని పైనుంచి కిందకి దించాలి. ఆమె మేజా మీద చెంబు పెట్టినట్టు చదునుగా పెట్టి వదిలేసింది. అలా పలికితే మా ఊళ్లో అది మాటే కాదు, తుమ్ముకి ముందొచ్చే చప్పుడు.

పెఫురాకి చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. కానీ ఆమె మళ్లీ నవ్వింది. డువాలాలో చదువుకుని ఉంటుందిలే, పట్నం పిల్లల నోళ్లు ఇంతే అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. అందగత్తె ఎదురుగా నిలబడితే చెవి మొద్దుబారుతుందని ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు మరి. ఆమె వెనక సామాన్ల గదిలోకి నడిచాడు. తలుపు మూసుకుంది. పక్కటెముకల మీద చల్లగా పిస్టల్ మూతి ఆనింది.

"లామరే బఫుస్సామ్‌లో ఉంది," అంది ఎర్రగౌను ఆవిడ. "పెద్ద బేరం ఉందని తప్పుడు టెలిగ్రాం ఇచ్చాం, పరిగెత్తింది పాపం. నా పేరు సోలాంజ్. డువాలా ఆఫీసులో మీ కల్నల్ టెలిగ్రాంలన్నీ నా చేతులమీదుగానే వెళ్తాయి."

కోడ్ వర్డ్‌ని కంటితో చదివిన మనిషి, చెవితో వినని మనిషి. రాత్రి టెలిగ్రాంలో చూసి పొద్దున పలికేసింది. పెఫురా తనని తాను తిట్టుకున్నాడు, అదీ స్వచ్ఛమైన బాముమ్‌లో.

డ్రైవరు వేషంలో ఉన్న బండమనిషి రివాల్వర్ లాక్కున్నాడు. పెన్ను మాత్రం వదిలేశాడు. బయట ఇనుప గడియ పడింది.

ఆ గదికి కిటికీ లేదు. పైన రేకు, ఎండకి అది పెనంలా కాలుతోంది. నాలుగు గోడలకీ కంచు ముసుగులు, గుర్రాలు, సాలీళ్ల బొమ్మలు, గంటలు వేలాడుతున్నాయి. తల ఏ వైపు తిప్పినా ఎవరో కనుగుడ్లు లేని కళ్లతో చూస్తున్నారు. పెఫురా పెన్ను బటన్ నొక్కాడు. సిగ్నల్ వెళ్లిందని చెప్పే దీపం వెలగలేదు. ఇంత కంచు మధ్య సిగ్నల్ ఎక్కడికి పోతుంది? మడమలోని బ్లేడు తీసి తలుపు సందులో దూర్చి గడియ కోయబోయాడు. బ్లేడు రెండు ముక్కలైంది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. అతనికి భయం వేసింది. డిపార్ట్‌మెంట్ రిపోర్టుల్లో ఇలాంటివి రాయరు.

పన్నెండున్నరకి తలుపు తెరుచుకుంది. సోలాంజ్ వెనక సన్నటి తెల్లవాడు, చేతిలో పెట్టె. వచ్చీరాగానే పెఫురాని బాముమ్‌లో పలకరించాడు, ఇంటివాళ్ల క్షేమం అడిగాడు, ప్రయాణం గురించి అడిగాడు.

పెఫురా చెవి రిక్కించాడు. ఒక్క తప్పు లేదు. పొట్టి అచ్చు పొట్టిగా, దీర్ఘం దీర్ఘంగా, పెదాలు గుండ్రంగా తిప్పకుండా నాలుక వెనక్కి లాగి పలికే ఆ పాడు అచ్చుతో సహా. న్జి అన్న బిరుదు పలికేటప్పుడు పరాయివాళ్లు ముందు 'ఎన్' అనే మెట్టెక్కడం మామూలే. ఇతను ముక్కులోంచి నేరుగా జారాడు. ప్రతి రాగం స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. అంత బాగా మాట్లాడే మనిషిని పెఫురా పుట్టిన దగ్గర్నుంచి ఫుంబాన్‌లో చూడలేదు.

"డాక్టర్ వోస్," అని పరిచయం చేసుకున్నాడు. "మీ భాష మీద పంతొమ్మిదేళ్లు పనిచేశాను. మీ పాత లిపి కూడా చదవగలను. అందుకే కోబాల్ట్‌కి నేను కావాలి. మీకు నేను ఎందుకు కావాలో చెప్తాను."

విషయం సూటిగా చెప్పాడు. డ్రైవరు ఇప్పుడు మాపోన్ ఇంటి ఎదురుగా కారులో కూర్చుని ఉన్నాడు, న్జి మోలూని కాల్చిన పిస్టల్ అతని ఒళ్లోనే ఉంది. వోస్ చేతిలో వాకీటాకీ. రెండు గంటలకి పెఫురా పెద్దమ్మకి ఫోన్ చేసి, పుస్తకం పట్టుకుని నాలుగింటికి లామరే దుకాణానికి రమ్మనాలి. అంతే. ఏ మాటలోనైనా హెచ్చరిక దాస్తే వాకీటాకీలో వోస్ ఒక్క ముక్క అంటాడు, డ్రైవరు కారు దిగుతాడు.

"సోలాంజ్‌కి రాగాలు పట్టుబడవు," అన్నాడు వోస్ ఆమె వంక చూడకుండా. "మీ కోడ్ వర్డ్ ఇప్పుడే నా ముందు మళ్లీ పలికించాను. నాకు పట్టుబడతాయి. నాకు పట్టుబడనివి దీనికి పట్టుబడతాయి."

పెట్టె తెరిచాడు. లోపల మైక్రోఫోను, తిరిగే కాగితపు చుట్ట, సన్నటి ముల్లు. గొంతు పైకి పోతే ముల్లు పైకి, కిందకి దిగితే కిందకి. కాగితం మీద గీత పడుతుంది. ఫోన్‌లో పెఫురా ఏ మాటకైనా రాగం మార్చి వేరే అర్థం దూరిస్తే వోస్ కంటికి కనబడిపోతుంది. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయిందని పెఫురాకి అర్థమైంది. అతను ఆలోచించింది సరిగ్గా అదే.

రిహార్సల్ మొదలైంది. పెఫురా మైక్రోఫోను ముందు నోరు తెరిచాడు. పెద్దమ్మతో రోజూ ఎలా మాట్లాడతాడో అలాగే అన్నాడు:

"ఏఁ పెద్దమ్మా, నేన్లే. ఆ బుక్కట్టుకుని నాలిగింటికి లామరే కొట్టుకొచ్చెయ్."

"ఆగండి," అన్నాడు వోస్. ముల్లు గీత మీద పెన్సిలు పెట్టాడు. "ఇక్కడ మూడో మాట చివరి అచ్చు మింగేశారు. దాని రాగం మాత్రం వదల్లేదు, తీసుకెళ్లి పక్క మాట నెత్తిన పెట్టారు. పక్క మాట ఇప్పుడు ఎక్కి దిగుతోంది. ఇక్కడ మళ్లీ అదే. ఇది సంకేతం."

"సంకేతం కాదు. అందరం ఇలాగే మాట్లాడతాం."

"పుస్తకంలో లేదు."

"ఏ పుస్తకంలో?"

"నేను రాసినదాంట్లో."

మా ఊళ్లో అచ్చుల్ని ఎవరూ పూర్తిగా బతకనివ్వరు. సగం మింగేస్తాం. అచ్చు పోయినా దాని రాగం పోదు, నిలబడటానికి చోటు లేక పక్కదాని మీదెక్కి కూర్చుంటుంది. పరాయివాళ్లతో, సభల్లో, రాజుగారి మనుషులతో అయితే అన్నీ నిండుగా పలుకుతాం. ఇంట్లో పలకం. నలభై రెండేళ్లలో పెఫురా పెద్దమ్మకి ఒక్క నిండు అచ్చు ఇచ్చి ఎరగడు. ఆవిడ అతనికి ఇచ్చి ఎరగదు. కోపం వస్తే మాత్రం అచ్చులు వెనక్కొస్తాయి, అప్పుడు ఇంట్లో పిల్లి కూడా బయటికి పోతుంది.

ఈ మనిషి పంతొమ్మిదేళ్లు ఎవరితో మాట్లాడాడు? మైక్రోఫోను ముందు బుద్ధిగా కూర్చున్న పెద్దమనుషులతో. వాళ్లందరూ అతనికి నిండు అచ్చులే ఇచ్చారు, ఎందుకంటే అతను పరాయివాడు.

పెఫురాకి దారి దొరికింది. మొహం మాత్రం ముడుచుకున్నాడు. నాకు చేతకాదు, నా నోరింతే అన్నాడు. వోస్ పట్టుబట్టాడు. ఒక్కో మాటకి ఒక్కో గీత. ఇది దీర్ఘం, సాగదీయండి. ఇది దిగాలి, పూర్తిగా దించండి. పెఫురా కాస్త మొరాయించి, కాస్త తప్పులు చేసి, నెమ్మదిగా దారికొచ్చాడు. ఒంటిగంటన్నరకి అతని నోట్లోంచి వచ్చిన వాక్యం ఇలా ఉంది:

"పెద్దమ్మా, నేను ఇద్రిస్‌ను మాట్లాడుచున్నాను. ఆ పుస్తకమును తీసుకొని నాలుగు గంటలకు లామరే దుకాణమునకు రమ్ము."

వోస్ మొహం వెలిగిపోయింది. మూలన గంటల కింద కూర్చున్న సోలాంజ్ మాత్రం నుదురు చిట్లించింది.

"డాక్టర్, మా నాన్నది కూడా ఈ ఊరే. ఆయన కూడా ఇందాకట్లా మాటలు తినేసేవాడు. ఇంట్లో అంతా..."

పెఫురా చూపు నేలకి దించాడు.

"మీ ఉచ్చారణ గురించి మాట్లాడుకుందామా మదమ్వాజెల్?" అన్నాడు వోస్. "నా దగ్గర మీ కోడ్ వర్డ్ గీత కూడా ఉంది. చూపించనా?"

సోలాంజ్ చెంపలు ఎర్రబడ్డాయి. పెదవి బిగించింది. ఆ తర్వాత ఆమె ఇంకేం మాట్లాడలేదు. ఆ మౌనానికి పెఫురా మనసులోనే దణ్ణం పెట్టాడు.

రెండు గంటలకి పొడుగు తీగతో ఫోను గదిలోకి తెచ్చారు. వోస్ రెండో రిసీవరు చెవికి పెట్టుకుని, మైక్రోఫోను తగిలించాడు. నాలుగు మోతల తర్వాత అటు ఫోనెత్తారు. ఊపిరి వినబడింది. పెద్దమ్మ ఎడమ చెవితోనే వింటుంది. ముప్పై ఏళ్ల హెడ్‌ఫోనుకి అరిగిపోకుండా అదొక్కటే మిగిలింది.

పెఫురా ఒక్కో అచ్చూ కొలిచి పోసినట్టు వాక్యం పలికాడు.

అటువైపు ఒకటి, రెండు, మూడు ఊపిర్లు. వోస్ వేలు వాకీటాకీ బటన్ మీదకి జరిగింది.

"మంచిది నాయనా," అంది మాపోన్. "నాలుగు గంటలకు తీసుకొని వచ్చెదను. నీవు భోజనము చేసితివా?"

"చేయలేదు పెద్దమ్మా."

ఫోను పెట్టేసింది. కాగితం మీద ముల్లు గీసిన గీతలు చూసి వోస్ ముచ్చటపడిపోయాడు. ఇంత శుద్ధంగా మాట్లాడే ఆడమనిషి ఈ ఊళ్లో ఉందని తెలిస్తే ముందే రికార్డు చేసుకునేవాడినన్నాడు. పుస్తకం రెండో ముద్రణలో పేరు వేస్తాడట.

పెఫురా గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. పెద్దమ్మకి అర్థమైంది. అర్థమైనా వస్తానంది. అదే అతన్ని చంపుతోంది. తను హెచ్చరిక పంపింది ఆవిడ ఎటైనా పారిపోవాలని, పుస్తకం పొయ్యిలో వేసి వెనక దొడ్డి దాటాలని. ఆవిడ తిన్నావా అని అడిగి, వస్తానంది. ఇంటి ముందు డ్రైవరు. ఇక్కడ వోస్. పుస్తకం చేతికందగానే ఇద్దర్నీ కాల్చేస్తారని చిన్నపిల్లలకైనా తెలుసు.

రెండు గంటలు ఆ గదిలో గడిచాయి. రేకు వేడికి మైనం ముద్దలు కరిగి వాసనేస్తున్నాయి. కంచు ముసుగులు పళ్లు ఇకిలిస్తున్నాయి. బయట సుత్తుల మోత ఎప్పటిలాగే సాగుతోంది. పది అడుగుల అవతల ఊరు ఊరంతా ఉంది, అతని కేక మాత్రం గోడ దాటదు. మూడున్నరకి ఆ సుత్తులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ప్రార్థన వేళయిందేమో అనుకున్నాడు పెఫురా. వోస్ పట్టించుకోలేదు.

నాలుగింటికి ముందుగదిలో గొంతులు వినబడ్డాయి. సోలాంజ్ పుస్తకం ఇమ్మంటోంది. ముసలి గొంతు కుదరదంటోంది. నా కొడుకు చేతిలోనే పెడతానంటోంది. వోస్ తలుపు తీసి తల ఊపాడు.

మాపోన్ లోపలికొచ్చింది. అరవై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి, నీలం గౌను, చంకలో గుడ్డమూట. ఆమె వెనకాలే సోలాంజ్ వచ్చింది, డ్రైవరు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె పెఫురాని తల నుంచి కాళ్ల దాకా చూసింది, ఎక్కడా రక్తం లేదని నిర్ధారణ చేసుకుంది. తర్వాత వోస్‌ని చూసింది.

"ఈ బాబేనా మాటలు నేర్పేది?"

"అవును పెద్దమ్మా."

"బాగా నేర్పాడు. నువ్వు పోయావనుకున్నాను."

మూట వోస్‌కి ఇచ్చింది. అతను ఆత్రంగా విప్పాడు. గుడ్డలో అరిటాకు, ఆకులో మొక్కజొన్న సంకటి, పక్కన ఆకుకూర. ఇంకా వెచ్చగా ఆవిరి వస్తోంది.

"వాడు తినలేదన్నాడుగా," అంది మాపోన్.

వోస్ మొహంలో నవ్వు చచ్చిపోయింది. జేబులోంచి పిస్టల్ తీశాడు. పుస్తకం ఎక్కడో చెప్పడానికి పది లెక్కపెడతానన్నాడు, పది తర్వాత మొదటి తూటా మేనల్లుడికి అన్నాడు.

"మేనల్లుడు కాదు నాయనా, అక్కచెల్లెళ్ల బిడ్డ కొడుకవుతాడు," అంది మాపోన్. "నీ పుస్తకంలో అదీ దిద్దుకో."

అతను ఒకటి అన్నాడు. మాపోన్ సంతలో బేరానికొచ్చిన ముసలమ్మలా గోడవైపు తిరిగింది. అక్కడ ఇనుప జంటగంట వేలాడుతోంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వీధిలో కొలిమి నిప్పు ఇల్లంటుకుంటే మోగించే రకం. దాన్ని చేతిలోకి తీసుకుని, ఇది పగిలిందా ఏమిటి లామరే ఇలాంటివి కూడా అమ్ముతోందా అని గొణిగింది. కర్రపుల్లతో కొట్టింది. చిన్నదాని మీద ఒకటి, పెద్దదాని మీద రెండు, మళ్లీ చిన్నది. ఆగకుండా కొట్టుకుంటూ పోయింది.

బల్ల మీద మెషీన్ ఇంకా తిరుగుతూనే ఉంది. ముల్లు లేచింది. పైన, కింద, కింద, పైన. వోస్ లెక్క నాలుగు దగ్గర ఆగింది. అతని కళ్లు కాగితం మీదకి పోయాయి.

ఆ గంటలో అక్షరాలు లేవు. అచ్చులు లేవు, హల్లులు లేవు, రాగం ఒక్కటే. మా చెవికి అదే చాలు. వెనక గదిలో. ముగ్గురు. తుపాకులు రెండు. కొడుకు బతికున్నాడు. రండి. వీధిలో ప్రతి మనిషికీ అది చెవిలో చెప్పినంత స్పష్టంగా వినబడింది. వోస్ పెదాలు కదుపుతూ గీతలు చదువుతున్నాడు: ఎగువ, దిగువ, దిగువ, ఎగువ... ఏదో వాక్యమని తెలుస్తోంది, ఏ వాక్యమో తెలియటం లేదు. పంతొమ్మిదేళ్ల చదువు అతన్ని ఆ కాగితం మీదనుంచి తల ఎత్తనివ్వలేదు. ఐదు క్షణాలు, ఆరు.

ఏడో క్షణంలో తలుపు దగ్గర డ్రైవరు లేడు. మెడలో కొలిమి పటకారు పడి వెనక్కి పోయాడు. ముప్పైమంది కంచు పనివాళ్లు మసి చేతులతో లోపలికి విరుచుకుపడ్డారు. వోస్ తలెత్తి పిస్టల్ తిప్పాడు. పెఫురా చేతికందిన రెండు తలల పాముని అతని మణికట్టు మీద దింపాడు. తూటా రేకుకి తగిలి, ఆ చిల్లులోంచి ఎండ సన్నగా గదిలోకి పడింది.

డిపార్ట్‌మెంట్ జీపు ఇరవై నిమిషాల తర్వాత వచ్చింది, తూటా మోత విని వచ్చామని చెప్పింది.

మాపోన్ సంగతంతా నింపాదిగా చెప్పింది. ఆ ఫోను రాగానే ఎక్స్ఛేంజికి రింగ్ చేసిందట. ఇప్పుడున్న ఆపరేటరు ఆమె చేతికింద పని నేర్చుకున్న పిల్లే. కాల్ లామరే కొట్టు నుంచే వచ్చిందని రూఢి చేసుకుని, కంచు వీధిలో ఉన్న మూడు ఫోన్లకీ కలపమంది. మూడున్నరకి సుత్తులు ఆపండి, గంట వినబడేదాకా కదలకండి అంది. ఇంటి ముందు కారులో కూర్చున్నవాడికి లోపల సంకటి కలుపుతున్న ముసల్ది తప్ప ఏమీ కనబడలేదు.

సోలాంజ్ చేతులు కట్టేసి జీపు ఎక్కిస్తుంటే ఆమె పెఫురా దగ్గర ఆగింది.

"ఏ రాగం తప్పు పలికావు?"

"ఒక్కటీ తప్పు పలకలేదు. నువ్వు చెప్పబోయావు, ఆయన వినలేదు."

ఆమె వోస్ వంక చూసిన చూపు చూస్తే కోబాల్ట్ ముఠా రహస్యాలన్నీ సాయంత్రంలోగా కల్నల్ బల్ల మీద ఉంటాయని పెఫురాకి అర్థమైంది.

అప్పుడతను కూర్చుని చల్లారిన సంకటి తిన్నాడు. మాపోన్ ఆకుకూర అతనివైపు జరిపింది. పుస్తకం ఎక్కడ పెద్దమ్మా అనడిగాడు. మంగళవారం సాయంత్రమే, న్జి మోలూ పోయాడని తెలిసిన గంటకే పొయ్యిలో వేశానంది. ఊరి నంబర్లన్నీ ముప్పై ఏళ్లు తలలో పెట్టుకున్నదానికి నలభై ఒక్క పేర్లు ఒక లెక్కా అంది. ఆ ముసలాడి రాత మాత్రం చండాలంగా ఉందంటూ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పెఫురా తిరిగొచ్చాక యావుండే నుంచి కల్నల్ ఎసోంబా స్వయంగా ఫోన్ చేశాడు. కొత్త లైను, ఎవరూ వినటం లేదు, పేర్లు చెప్పమని ఎంతో మర్యాదగా అడిగాడు. నువ్వెవరో నాకు తెలీదంటూ ఆవిడ ఫోన్ పెట్టేసింది. కల్నల్ తల పట్టుకుని పెఫురాకి రిసీవరు ఇచ్చాడు.

"ఏఁ పెద్దమ్మా, నేన్లే," అన్నాడు పెఫురా, సగం అచ్చులు మింగి.

"ఆఁ, ఇప్పుడు చెప్పు," అంది మాపోన్. "నిన్నెవరో బాగా చదువుకున్నాయన నీ గొంతుతో ఫోన్ చేశాడ్రా. పాపం, అన్నం కూడా తిన్లేదంట."